మీటింగులో మన మాట లెక్కలోకి రావాలంటే: గుణుపురం తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మీ ప్రశ్న నాకెలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. సివిల్ డిప్లొమా చేశారు, వయసు 25. ఒడిశాలోని గుణుపురం చుట్టుపక్కల పల్లెలకు తాగునీటి పైపులైను వేసే కాంట్రాక్టరు దగ్గర ఏడాదిగా సైటు సూపర్‌వైజరు. ప్రతి సోమవారం రాయగడలో మీటింగు, అదంతా ఒడియాలోనే. మీరు నోరు తెరిస్తే ఒకరిద్దరు నవ్వుతారు. మీరు చెప్పిన మాటే పది నిమిషాలాగి ఇంకొకరు చెబితే ‘కరెక్టే’ అంటారు. సైటులో పనివాళ్లు మేస్త్రీ మాట వింటారు గానీ మీ మాట వినరు. ఇంట్లో ఏం చెప్పబోయినా ‘నీకేటి తెలుసురా’. విశాఖ చుట్టాలింటికెళ్తే మీ తెలుగు విని ‘ఒడియా బాబు వచ్చాడు’. ధైర్యం ఎలా తెచ్చుకోవాలని అడిగారు.

ధైర్యం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ధైర్యం వచ్చాక మాట్లాడదాం అనుకునేవాళ్లు అలాగే ఏళ్లు గడిపేస్తారు. మీ మాట లెక్కలోకి రాకపోవడానికి ఎక్కువ కారణాలు మీరు మాట కట్టే తీరులో ఉన్నాయి, అది మార్చుకోగలిగిన పని. మాట నాలుగుసార్లు నిలబడితే భయం తనంతట తాను కొంత దిగుతుంది. ముందు భయం దించి తర్వాత మాటకొద్దామంటే మాత్రం చాలా ఆలస్యం అవుతుంది.

మీరు రాసిన వాక్యమే తీసుకుందాం. ‘సార్, అదీ... చిన్న విషయమే, తప్పైతే ఏమనుకోకండి, నాకంత తెలీదు గానీ, మూడో వాల్వు దగ్గర కొంచెం లీకు ఉన్నట్టుంది.’ ఇందులో సమాచారం చివరి ఆరు మాటల్లోనే ఉంది. దానికి ముందు మీరు వినేవాళ్లకి చెప్పినవి మూడు: ఇది చిన్నది, ఇది తప్పు కావచ్చు, చెప్పేవాడికి తెలీదు. వాళ్లు మీ మాటే నమ్మి వినడం మానేశారు. పది నిమిషాల తర్వాత ఇంకొకాయన ‘మూడో వాల్వు లీకవుతోంది’ అన్నాడంతే. 1970ల్లో అమెరికాలో కోర్టు సాక్షుల మాటతీరు మీద పరిశోధన చేశారు. ఒకే సాక్ష్యాన్ని రెండు రకాలుగా చెప్పించారు, ఒకటి నేరుగా, రెండోది ‘అనుకుంటా, కొంచెం, ఏమో’ లాంటి తడబాట్లతో. రెండో రకాన్ని వినేవాళ్లు తక్కువ నమ్మారు, విషయం అదే అయినా.

అదే సంగతిని ఇలా చెప్పి చూడండి: ‘సార్, మూడో వాల్వు దగ్గర లీకుంది. నిన్న సాయంత్రం 5 గంటలకి 6 కేజీల ప్రెషర్ పెట్టాం, గంటలో 4కి దిగింది. ఈరోజు గాస్కెట్ మార్చి రేపు పొద్దున మళ్లీ టెస్టు పెడతాం. రెండు గాస్కెట్లు కావాలి.’ ఎక్కడ, ఎంత, ఏం చేస్తాం, ఏం కావాలి. నాలుగు ముక్కలు, అదే వరసలో. మాటలో కరుకుతనం ఏమీ రాలేదు, గమనించండి. ‘సార్’ ఉంది, ‘పెట్టాం, పెడతాం’లో ‘మేం’ ఉంది. మన పెంపకంలో వినయమంటే తనని తాను తగ్గించి చెప్పుకోవడమని నేర్పేశారు. వినయం పిలుపులోనూ గొంతులోనూ ఉంటే సరిపోతుంది, విషయాన్ని తగ్గించనక్కర్లేదు. నిజంగానే తెలియనప్పుడు కూడా ‘నాకంత తెలీదు’ అనకండి, ఏ ముక్క తెలీదో అది చెప్పండి: ‘లీకు ఎక్కడో తెలిసింది, గాస్కెట్ పోయిందా బోల్టు వదులైందా అనేది విప్పి చూస్తే గానీ తెలీదు.’ అప్పుడా తెలియకపోవడం కూడా పని తెలిసినవాడి మాటలాగే వినబడుతుంది.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. వాక్యం బాగా కట్టుకొస్తారు, దాని తర్వాత వచ్చే మొదటి ప్రశ్నకే కూలిపోతారు. 6 నుంచి 4కి దిగిందంటే ఇంజనీరు అడిగే మొదటి మాట ‘గాలి తీశారా?’ పైపులో గాలి చిక్కుకుపోయినా ప్రెషర్ దిగుతుంది, లీకు లేకపోయినా సరే. ఎత్తు మీదున్న ఎయిర్ వాల్వు తెరిచి, నీళ్లు ధారగా వచ్చేదాకా వదిలి, ఆ తర్వాత కదా గేజి చూడాలి. అది చేశారా లేదా అన్నది మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. అందుకే ఆదివారం రాత్రి మీరు చెప్పబోయే మాట కింద రెండు ప్రశ్నలు రాసుకోండి: వీళ్లు మొదట అడిగేదేంటి, దాని తర్వాత ఏంటి. రెండింటికీ ఒక్కో లైను జవాబు. పాతిక నిమిషాలు పట్టే పని. మూడు అంశాలు తయారుచేసుకోవద్దు, ఒక్కటే. మూడు పట్టుకెళ్తే మూడూ పైపైన ఉంటాయి, మొదటిది తడబడగానే మిగతా రెండూ మింగేస్తారు.

ఇక యాస. ‘యాసదేముందిలే, విషయం ముఖ్యం’ అని ఓదార్చేవాళ్లుంటారు. అది పూర్తి నిజం కాదు. 2010లో చికాగో విశ్వవిద్యాలయంవాళ్లు ఒక పరీక్ష పెట్టారు. బయటి యాసతో చెప్పిన చిన్నచిన్న విషయాలను జనం కాస్త తక్కువ నమ్మారు, ఆ మాటలు చెప్పేవాళ్లవి కావు, ఇచ్చిన కాగితం చూసి చదువుతున్నారంతే అని తెలిసినా కూడా. యాసవాళ్ల మీద కోపం వల్ల కాదు, వినడానికి చెవి కాస్త కష్టపడాల్సి రావడం వల్ల అని వాళ్లు తేల్చారు. మనకి పనికొచ్చేది ఆ చివరి ముక్క. యాస పోగొట్టుకోనక్కర్లేదు, చెవికి పని తగ్గిస్తే చాలు.

మన తెలుగువాళ్ల ఒడియాలో చెవికి నిజంగా అడ్డం పడేవి రెండే. ఒకటి అంకెలు. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ముప్పై, తొమ్మిది. ఒడియాలో అలా కాదు, నూరు వరకు దాదాపు ప్రతి అంకెకీ సొంత పేరుంది. 39 ‘ఒణొచాళిశొ’, 49 ‘ఒణొచాశొ’. కంగారులో ఒకటి అనబోయి ఇంకొకటి అంటే పది పైపుల తేడా వస్తుంది, అక్కడ నవ్వుతారు, నవ్వకపోతే ఇంకా ప్రమాదం. మీటింగులో అంకెలన్నీ ఇంగ్లీషులోనే చెప్పండి. ఒడియావాళ్లూ సగంమంది అదే చేస్తారు, ఎవరూ తప్పు పట్టరు.

రెండోది మర్యాద. మన ‘మీరు’కి అక్కడ ‘ఆపొణొ’. ‘తుమే’ అనేది తోటివాళ్లకీ చిన్నవాళ్లకీ. ‘ఆపొణొ’ అనడం అందరికీ వచ్చేస్తుంది, దాంతోపాటు క్రియ మార్చడం మర్చిపోతారు. ‘ఆపొణొ కుహంతు’ అనాల్సిన చోట ‘ఆపొణొ కుహ’ అనేస్తారు. ‘మీరు చెప్పు’ అన్నట్టుంటుంది. మీ ఒడియా విని నవ్వేది ఎక్కువగా ఈ ఒక్కదానికే అయ్యుండొచ్చు. రోజూ వాడే పది క్రియలు తీసుకోండి: చెప్పండి, చూడండి, రండి, ఇవ్వండి, పంపండి అలా. ఆపొణొ రూపం కాగితం మీద రాసుకుని సైటులో ఒడియా స్నేహితుడి దగ్గర పలికి దిద్దించుకోండి. పదిహేను రోజుల పని. అర్థం కానప్పుడు నవ్వేసి తలూపడం మానండి, ‘ఆఉ థొరే కుహంతు’ (ఇంకోసారి చెప్పండి) అనండి. మళ్లీ అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. అర్థమైనట్టు తలూపి తప్పు పని చేసుకొస్తేనే చూస్తారు.

వేగం గురించి ఒక మాట. ‘నిమిషానికి 150 మాటలు’ అని ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే లెక్క మనకి పనికిరాదు, తెలుగులో ఒక్క మాట ఒక్కోసారి అక్కడ రెండు మూడు మాటలకి సమానం. లెక్కలొద్దు. వాక్యం అయ్యాక ఒక ఊపిరి తీసుకుని తర్వాతి వాక్యం మొదలెట్టండి. ఫోనులో రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది: భయపడేవాళ్లు వాక్యాల మధ్య ఆగరు, ‘మరి, అంటే, అదే’ అంటూ సందులన్నీ పూడ్చేస్తారు. ఆ ఖాళీ మీకు యుగంలా ఉంటుంది గానీ వినేవాళ్లకి ఒక్క సెకను. ఎవరైనా మధ్యలో తుంచేస్తే గొంతు పెంచొద్దు, ఆయన ఆగగానే ‘ఆగ్యా, గోటే కొథా’ (సార్, ఒక మాట) అని ఆపిన చోటి నుంచే ఎత్తుకోండి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారో, రెండోసారి కూడా తుంచేస్తారు.

ఇప్పుడు భయం దగ్గరికొద్దాం. 1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు చెప్పిన నమూనా ఇప్పటికీ వైద్యంలో వాడతారు. నలుగురిలో బెదిరే మనిషి చూపు బయటి నుంచి లోపలికి తిరిగిపోతుంది: గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా, ఎలా కనబడుతున్నాను. ఎదుటివాళ్ల మొహాలు చూడడం మానేసి, లోపల తన గురించి తాను వేసుకున్న బొమ్మనే వాళ్ల అభిప్రాయం అనుకుంటాడు. పైగా కొన్ని రక్షణ అలవాట్లు చేసుకుంటాడు: తలుపు పక్క కుర్చీ, ఫోనులో తల దూర్చడం, వాక్యం బట్టీపట్టడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, తన మాటకి తానే ముందు నవ్వేయడం. చిక్కేంటంటే ఏ గొడవా జరగకపోతే ‘ఆ అలవాటు కాపాడింది’ అని మనసు లెక్క రాసుకుంటుంది. అవి లేకపోయినా ఏమీ అయ్యేది కాదన్న సంగతి ఎప్పటికీ తెలియదు. బట్టీపట్టడం వీటన్నిట్లో చెడ్డది. ఒక్క మాట జారితే దారంతా పోతుంది. వాక్యం కాదు, అంకెలు గుర్తుపెట్టుకోండి.

అందుకని వారానికొక అలవాటు వదిలి చూడండి, పరీక్షలాగా. మీటింగుకి ముందు కాగితం మీద రాయండి: ‘తలుపు దగ్గర కాకుండా మధ్యలో కూర్చుంటే ఏమవుతుంది? అందరూ నన్నే చూస్తారు, నూటికి 80 వంతులు నమ్ముతున్నాను.’ తర్వాత నిజంగా ఏమైందో రాయండి: ఎంతమంది చూశారు, ఏం అన్నారు. ‘బాగానే జరిగింది’ అని రాయొద్దు, కళ్లతో చూసింది చెవులతో విన్నది మాత్రమే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్లు 2000లో ఇలాంటిదే లెక్క కట్టారు. సిగ్గుపడే బొమ్మ ఉన్న చొక్కా తొడిగి ఒక కుర్రాణ్ని తోటివాళ్లున్న గదిలోకి పంపితే, సగంమంది గమనించి ఉంటారని అతననుకున్నాడు. గమనించింది పావువంతు.

గొంతు వణుకుకి ఊపిరి కూడా ఒక కారణం. మీటింగుకి ముందు మూడు నిమిషాలు, నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి, అదే అసలు పని. గట్టిగా, లోతుగా గబగబా పీలిస్తే తల తిరుగుతుంది. మొదటి వాక్యం ఊపిరి వదులుతూ మొదలెట్టండి. చేతులు వణుకుతుంటే విడి కాగితం పట్టుకోవద్దు, అది వణుకుని పదింతలు చేసి చూపిస్తుంది. పరీక్ష అట్టకి క్లిప్పు పెట్టుకోండి. ఇదీ రక్షణ అలవాటే కదా అంటారేమో, అవును. రెండు నెలలయ్యాక వదిలెయ్యండి. బాత్రూములో అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టి రెండు నిమిషాలు నిలబడితే ధైర్యపు హార్మోన్లు పెరుగుతాయని 2010లో ఒక పరిశోధన వచ్చింది కదా, తర్వాత ఎక్కువమందితో చేసినప్పుడు ఆ హార్మోన్ల సంగతి నిలబడలేదు. ఆ రెండు నిమిషాలూ మీ కాగితం చదువుకోండి.

సైటు దగ్గర లెక్క వేరు. మేస్త్రీకి ఇరవై ఏళ్ల అనుభవం, పనివాళ్లని తెచ్చింది ఆయన, వాళ్ల కూలి ఆయన చేతి మీదుగా పోతుంది. వాళ్లు ఆయన మాట వినడం మీకు అవమానం కాదు, అది వాళ్ల బతుకుతెరువు. ఆయన్ని దాటి పనివాళ్లకి నేరుగా చెప్పడం కొత్త సూపర్‌వైజర్లు చేసే మొదటి తప్పు. వాళ్ల ముందు ఆయన్ని దులపడం రెండోది. మొదటి నెల భుజం మీద చెయ్యేసి ఖైనీ పంచుకుని, రెండో నెల బిల్లు దగ్గర కొలత తగ్గిందని ఉరమడం మూడోది, అన్నిట్లోకీ పాడుచేసేది అదే. పొద్దున పని మొదలవకముందు ఆయన్ని పక్కకి పిలిచి, ఒడియా ఆయనైతే ‘భాఇనా’ (అన్నా) అని, మనవాడైతే ‘మేస్త్రీ గారూ’ అని, ‘డ్రాయింగులో మీటరు లోతుంది, ఈ ముక్క 80 సెంటీమీటర్లే వచ్చింది. అడుగున రాయి తగిలిందా? భోజనాలకి ముందు ఇద్దరం టేపు పెట్టి చూద్దాం’ అనండి. ఎంత కావాలి, ఎంత ఉంది, ఎప్పుడు కొలుస్తాం. మధ్యలో ఒక నిజమైన ప్రశ్న. భోజనాల ముందు మీరే కందకంలోకి దిగి టేపు పట్టుకోండి. గట్టు మీద నిలబడి వేలు చూపించేవాడి కొలతని ఎవరూ నమ్మరు. ఆ టైముకి మీరు రాకపోతే మాత్రం మర్నాటి నుంచి మీ ‘చూద్దాం’కి విలువుండదు.

అక్కడే అసలు ఖాతా ఉంది. మనుషులు మనల్ని లెక్కలోకి తీసుకోవడం అంటే చాలావరకు మనం చెప్పిన టైముకి చెప్పింది అయిందా లేదా అన్న లెక్క. జేబులో పట్టే నోటుబుక్కు కొని మూడు గళ్లు గీయండి: ఎవరికి ఏం చెప్పాను, ఎప్పటికి, అయిందా. ఒకేసారి మూడు కంటే ఎక్కువ మాటలు బాకీ ఉండకూడదు. నలుగురి మెప్పు కోరేవాడు అందరికీ ‘సరే’ అంటాడు, శుక్రవారానికి సగం మిగిలిపోతాయి, మళ్లీ ‘ఏమనుకోకండి’ మొదలవుతుంది. నాలుగోది అడిగితే ‘గురువారం దాకా కుదరదు, శుక్రవారం ఇస్తాను’ అనండి. ఆలస్యం అవుతుందని తెలిసిన గంటలోనే చెప్పండి, గడువు దాటాక కాదు. ఆరు వారాలు చెయ్యండి, ఫోన్లు మీకు నేరుగా రావడం మొదలవుతుంది.

ఇంత చేసినా కొందరు మారరు. ఒడియాలో తెలుగువాళ్లని అనే ‘తెలెంగా’ అన్న మాటని ఒక్కొక్కరు మామూలుగా వాడతారు, ఒక్కొక్కరు గుచ్చడానికి వాడతారు. గుచ్చేవాడికి నలుగురిలో జవాబు చెప్పొద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారి: ‘నా పనిలో తప్పుంటే చెప్పండి, భాష మీద మీటింగులో నవ్వొద్దు.’ అంతే, వివరణ వద్దు, నవ్వు వద్దు. మీ మాట ఇంకొకరి ఖాతాలో పడుతుంటే మీటింగు అయిన అరగంటలో గ్రూపులో రెండు లైన్లు పెట్టండి: ‘మూడో వాల్వు గాస్కెట్ ఈరోజు మారుస్తున్నాం, రేపు 10కి టెస్టు.’ ఫిర్యాదు అవసరం లేదు, తేదీతో రాత ఉంటుంది. రాతతో చెప్పినా, కొలత సరైనదే అయినా, మూడు నాలుగు నెలలు అదే తంతు అయితే లోపం మీలో లేదు. అప్పుడు వేరే ఉద్యోగం చూసుకోవడం ఓటమి కాదు.

ఇంటి సంగతి మీరు చిన్నగా రాశారు గానీ, మీ చేతిలో ఉన్న పెద్ద బలం అక్కడే ఉంది. మన పెద్దవాళ్లు చాలామంది ఒడియా మాట్లాడతారు, చదవలేరు. భూమి పట్టాలు, తహసీలు నోటీసులు అన్నీ ఒడియాలోనే. మీరు ఒడియా మీడియంలో చదివారు. ‘నాకూ తెలుసు’ అని వాదించడం మానేసి ఒక్క కాగితం తీసుకోండి. ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో మీ ఖాతా నంబరు కొట్టి తాతగారి పేరు, ప్లాటు నంబర్లు, విస్తీర్ణం చూడండి. తెలుగులో ఒక పేజీ రాసి నాన్నగారి చేతిలో పెట్టండి. పేరులో అక్షరం తప్పుంటే అది కూడా గుర్తుపెట్టి ఇవ్వండి. ‘నీకేటి తెలుసురా’ ఒక్కరోజులో పోదు, కానీ తర్వాతి నోటీసు వచ్చినప్పుడు ముందు మిమ్మల్నే పిలుస్తారు.

విశాఖ చుట్టాల మీద ఎక్కువ టైము పెట్టొద్దు. వాళ్ల ముందు టీవీ తెలుగు మాట్లాడబోతే సగం బుర్ర మాటల వేటలో పోతుంది, మనిషి కృత్రిమంగా కనబడతాడు. ‘ఏటి’ అనే అనండి. వాడుక తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊరు 1936లో ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న వాళ్లు వాట్సాప్‌లో పంపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే.

చివరగా, ఇది బిడియం దాటిపోయిందేమో చూసుకోండి. ఆరు నెలలకి మించి మీటింగులు ఎగ్గొట్టడం, ముందురోజు నుంచే నిద్ర పట్టకపోవడం, వాంతులు, వెళ్లేముందు ఒక పెగ్గు వేసుకోవడం, వీటిలో ఏదైనా ఉంటే పైన చెప్పినవి ఒక్కటే సరిపోవు. టెలి మానస్ 14416కి ఫోను చెయ్యండి, ఉచితం, రోజంతా పనిచేస్తుంది. నేరుగా వెళ్లాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. డాక్టరు మందు రాస్తే దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, నాలుగు రోజులకే మానేయొద్దు. వణుకు తగ్గుతుందని స్నేహితులిచ్చే ప్రొప్రనోలాల్ మాత్ర మాత్రం డాక్టరుని అడగకుండా వేసుకోకండి, ఆస్తమా ఉన్నవాళ్లకి అది ఊపిరాడకుండా చేస్తుంది.

వచ్చే సోమవారానికి ఒక్క అంశం, నాలుగు ముక్కలు, కింద రెండు ప్రశ్నలు. నాలుగు సోమవారాలయ్యాక ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చూద్దాం.